ఉద్దానపు తోటలలో నాలుగు దినములు

గడచిన కార్తికమాసమున పాఠశాలకు నాలుగు దినములు సెలవు దొరకుటచే, మేము బిడ్డలతో విజయనగరమున రైలెక్కి ఉద్దానమునకు ప్రయాణమైతిమి. కవిటికి చేరువనున్న యొక పల్లెలో మా పినత్తగారు నివసించుచున్నారు. శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొనను, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమనున్న యీ సీమకు ఉద్యానమను మాటనుండియే ఉద్దానమను పేరు వచ్చెనని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస యిచ్చటి సిరులు.

రైలు నాగావళిని, వంశధారను దాటి, నౌపడా ఉప్పుమడుల ప్రక్కగా సాగెను. ఇరుదెసల వరి పండి వంగియుండెను. ఎంత చక్కని పంట యని మేమనగా, ఎదుట కూర్చున్న వృద్ధుడొకడు, “ఇంటికి చేరినప్పుడు కదా తల్లీ పంట!” అనెను. ఈ తీరమున ఆశ్వయుజ కార్తికములు పండుగలకే కాక గాలివానలకును నెలలు.

పలాసలో దిగి జీడి కర్మాగారము నొకదానిని చూచితిమి. పిక్కలను ఉడికించి, పెంకు కోసి, పప్పును ఎండబెట్టి, పొర యొలిచి, గుండును బద్దను వేరుచేయు పనిలో పెక్కురు స్త్రీలే. మూలనున్న బస్తాలను చూపి యొకామె, “ఇవి మన తోటలవి కావమ్మా, ఆఫ్రికావి” అని చెప్పెను. జీడితోటల నడుమ వెలసిన యూరికి ఐవరీకోస్టు వంటి దేశములనుండి సముద్రము దాటి పిక్కలు వచ్చుట మాకు వింత తోచెను. ఇన్ని కర్మాగారములకు ఇచ్చటి పంట యేడాది పొడవున చాలదట. గాలివాన వచ్చిన యేట అసలే చాలదట. “పిక్క ఏ దేశందైనా మా చేతులకొక్కటేనమ్మా. రాకపోతేనే మాకు పస్తు” అని యామె నవ్వెను.

పినత్తగారి తోటలో ఆ నవ్వు మా మనస్సున నిలువలేదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, శరన్నవరాత్రములు మొదలైన మరునాటి తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరము దాటెను. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానమున లక్షలకొలది కొబ్బరిచెట్లు కూలెను. వరి పోయిన మరుసటి యేడు మరల విత్తవచ్చును. కొబ్బరి నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. జీడి మూడు నాలుగేండ్లకు కాచినను, నిండుకాపునకు మరికొన్నేండ్లు కావలయును. ఆ నడిమి యేండ్లు గడచుట యెట్లు? ఆమె కుమారుడు హైదరాబాదునకు కట్టడపు పనికి వెళ్ళెను. ఆమె యొక్కరే మొక్కలు నాటి, కడవలతో నీరు పోసి పెంచిరి. నేడవి గెలలు వేయుచున్నవి. “చెట్లు లేచాయి కోడలా, వాడే ఇంకా తిరిగి రాలేదు” అని యామె యనగా మాకు మాట రాలేదు. వ్యాపారికి ఒక దేశపు పిక్క లేకున్న నింకొక దేశపు పిక్క కలదు; తోటవానికి ఇంకొక తోట లేదు.

మరునాడు బారువ తీరమునకు పోయితిమి. ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవది. అచ్చట ఇసుకపై కూర్చుండి మావారు 1866వ సంవత్సరపు కరవును బిడ్డలకు చెప్పిరి. 1865లో వానలు ముందుగానే నిలిచిపోగా, ఒడిస్సాలోను, నాడు శ్రీకాకుళము చేరియుండిన గంజాము జిల్లాలోను పైరులు ఎండెను. ఒడిస్సాలో అంతకుమున్నే ధాన్యము విస్తారముగా ఎగుమతియై పోయెను. తీరా బియ్యము తెప్పింపబూనునప్పటికి వర్షాకాలపు సముద్రము రేవులను మూసివేసెను. మంచి బాటలు లేవు. ఒక్క ఒడిస్సాలోనే సుమారు పదిలక్షల మంది మృతినొందిరి. బియ్యము లోకమున లేక కాదు, చేరక! కావున ఓడను నిందింపరాదు. అయినను ఓడనే నమ్మియుండుటయు కూడదు.

ఈ సంగతి 2023లో సముద్రమున కావలివారికిని తెలిసివచ్చెను. ఆ యేట వానలు ఒకచోట మిక్కుటమై యొకచోట కొరతపడి, బియ్యపు ధర పెరుగుచుండగా, జులై 20వ తేదీన కేంద్రప్రభుత్వము బాసుమతి గాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించెను. దేశములు తమలో తాము అమ్ముకొను బియ్యమున నూటికి సుమారు నలుబది వంతులు మనదే. అమెరికాలోని తెలుగువారు సోనామసూరి సంచులకై అంగళ్ళకు పరుగులిడిరి. మా పెదనాన్నగారి మనుమరాలు రెండంగళ్ళు తిరిగి ఒక్క సంచి సంపాదించితినని ఫోను చేసినది. ఆమెకు అది శ్రమ మాత్రమే. మనకు జీడిపిక్కలు పంపు ఐవరీకోస్టు మన బియ్యము కొను దేశము కూడ. అచ్చటి పేదయిల్లాలికి ధర పెరుగుట యనగా పిల్లల కంచమున పిడికెడు తరుగుట. 2024 సెప్టెంబరులో గాని ఆ నిషేధము తొలగలేదు. ఒకచోటి వాన తప్పిన, వేరొకచోటి కుండ యడుగంటును.

మేము బయలుదేరు నాడు పినత్తగారు తమ గాదెను చూపిరి. మూడు నెలల గ్రాసము అందెప్పుడును ఉండును. తోటలో కొబ్బరి నడుమ ఇప్పుడు పనస, అరటి, పసుపు కూడ వేసిరి. “ఒక్క చెట్టునే నమ్మితే ఒక్క గాలికే పోతాం” అనిరి. సోదరీమణులారా, పాయసమున జీడిపప్పు వేయునప్పుడు ఈ మాటను ఒకసారి తలపునకు తెచ్చుకొనుడు.

కొత్త చెట్ల కాయలు రెండు ఆమె మా సంచిలో నుంచిరి. ఒకటి మాకు, ఒకటి హైదరాబాదునకు పంపుటకు. విజయనగరము చేరిన మరునాడే ఆ రెండవదానిని మేము పార్సిలు కట్టి పంపితిమి.