చెరగని గీత, అతికే చెక్క

మా అక్క కూతురు డిగ్రీ అయిపోయాక బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఈ రోజుల్లో మొదలుపెట్టడమంటే ముందు కొనడమే. ఆక్రిలిక్ ట్యూబులు, వాటర్‌కలర్ బిళ్లలు, ఆయిల్ పేస్టెళ్లు, కాన్వాస్ బోర్డులు, సన్నవీ లావువీ కుంచెలు. అన్నీ మంచం మీద పరిచి, ‘వీటిల్లో నాకేది కుదురుతుందో చెప్పు పిన్నీ’ అంది. ప్రతిదాంతోనూ సగం వేసి వదిలేసిన బొమ్మ ఒకటుంది.

ఒక వ్యాసం కోసం నేను ఎలాగూ శ్రీకాళహస్తి, కొండపల్లి, రాజమండ్రి, ఏటికొప్పాక వెళ్లాల్సి ఉంది. పిల్లని వెంట రమ్మన్నాను. గుడ్డ, చెక్క, కాగితం, లక్క. ఒక్కో ఊళ్లో ఒక్కో పదార్థం. అన్నిచోట్లా ఒకే ప్రశ్న అడగాలని రైల్లో అనుకున్నాం: కొత్తగా వచ్చినవాళ్లు మీ పనిలో ఎక్కడ చెడగొడతారు, చెడిపోయినదాన్ని మళ్లీ బాగుచేసుకునే వీలుంటుందా?

కాళహస్తిలో గుడి దగ్గర సందడి దాటి వెనక వీధుల్లోకి వెళ్లాం. ఒక మిద్దె మీద లేత పసుపు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టగానే పాలవాసన. ఇంటాయన చాపమీద కూర్చుని సీత ముఖానికి నల్లగీత దిద్దుతున్నాడు. మా పిల్ల దృష్టి బొమ్మ మీదే ఉండటం చూసి, ‘బొమ్మ యాడికీ పోదుమ్మా, ముందు గుడ్డ చూడు’ అన్నాడు.

ఆ గుడ్డ కథే సగం కలంకారీ. గాడా గుడ్డకి గంజి ఉంటుంది. అది పోయేదాకా నానబెట్టి ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలో ఉన్న వగరు, నల్లరంగులో ఉన్న ఇనుము కలిస్తేనే గీత నల్లగా నిలుస్తుంది. పాలల్లోని కొవ్వు ఆ గీతని పక్కకి పాకనివ్వదు. ఆవుపాలు వాడరా అని అడిగితే నవ్వాడు: ‘కొవ్వు చాలదుమ్మా.’ చేతి గుడ్డముక్క ఒకటి మా పిల్లకిచ్చి ముంచి పిండమన్నాడు. ఆరాక దాని మీద గీత గీయమన్నాడు. ఒక అంచున గీత వెంట్రుకలా నిలబడింది. రెండో అంచుకి వచ్చేసరికి ముళ్లు ముళ్లుగా పాకింది. చేతిలో వణుకేమీ లేదు. ఆ మూల సరిగా పిండలేదంతే. బొమ్మ పాడయిందని మనం అనుకునే చాలా సందర్భాల్లో పాడయింది అడుగున ఉన్నదే.

కలం అంటే వెదురు పుల్ల. ఒక కొన చెక్కి, మొనకి కొంచెం పైన ఉన్నో గుడ్డపీలికో ముద్దగా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ముద్ద రంగు పీల్చుకుంటుంది. వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతుంటే మొనకి దిగుతుంది. గీతకి సన్నమొన కలం, నింపడానికి మొద్దుమొన కలం. నల్లరంగుని కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. గుడ్డని తాకిన క్షణాన లేతగా ఉంటుంది, చూస్తుండగానే నలుపెక్కుతుంది. కొత్తవాళ్లు ఆ క్షణం ఆగలేక, రంగు చాల్లేదనుకుని అదే గీత మీద మళ్లీ గీస్తారు. లావైపోతుంది.

కసిమి గీత చెరగదు. అందుకే దానికి ముందు బొగ్గు ఉంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మంతా వేసుకుంటారు. నచ్చకపోతే పైగుడ్డతో కొడితే ఎగిరిపోతుంది. ‘బొగ్గుతో ఎన్నిసార్లు మార్చుకున్నా అడిగేవాళ్లు లేరు. కలం పట్టినాక మార్చేదేముండదు’ అన్నాడాయన. తన దగ్గర నేర్చుకునే పిల్లల చేత మొదట్లో ముఖాలు, చేతులు, పాదాలు విడివిడిగా వేయిస్తాడట. నిండు బొమ్మ ఇవ్వడానికి చాలాకాలం ఆగుతాడట.

రంగుల వరస ఇంకా కఠినం. ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూస్తారు. పూసినట్టు కంటికి పెద్దగా తెలియదు. తర్వాత రంగునిచ్చే వేళ్లతో, చెక్కతో గుడ్డని ఉడకబెడితే పటిక ఉన్నచోట ఎరుపు బయటపడుతుంది. పూత తప్పిపోయిన చోటు అప్పటిదాకా దాక్కుని, ఉడికిన తర్వాత తెల్లగా పళ్లికిలిస్తుంది. ఉడకబెట్టే పని పూర్తయ్యాకనే గుడ్డని మళ్లీ పాలలో ముంచి, చేత్తో పూసే పసుపు, నీలం మొదలుపెడతారు. పసుపు కరకపువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి. ఆ రెండూ ఒకదానిమీద ఒకటి పడితే ఆకుపచ్చ. నడుమ ఉతుకులే ఉతుకులు. వదిలిన రంగు ఇంకోచోట అంటుకోకుండా పారే నీళ్లలో జాడించాలి. ఒకప్పుడు ఆ పని స్వర్ణముఖిలో జరిగేది. ఇప్పుడు ఏట్లో ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ విద్య 1950ల నాటికి దాదాపు ఆరిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చాక మళ్లీ చేతులు పెరిగాయి. ఈ ఊరి జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. బజార్లో కలంకారీ పేరుతో అమ్ముడయ్యే చీరల్లో కలం ముఖమే చూడనివి బోలెడు. అది వేరే గొడవ.

కొండపల్లిలో లెక్క తిరగబడింది. కాళహస్తిలో గీత తప్పితే గతి లేదు. ఇక్కడ చెయ్యి విరిగితే ఇంకో చెయ్యి పెడతారు. తెల్లపొణికి చెక్క అంత తేలిక, అంత మెత్తన. గోటితో నొక్కితే గుంట పడుతుంది. పచ్చి చెక్కని సన్నటి సెగ మీద ఆరబెడతారు. తడి పోని చెక్కతో చేస్తే బొమ్మ తర్వాత బిగుసుకుని పగులుతుంది. ఏనుగు అంబారీ చేయాలంటే ఏనుగు వేరు, అంబారీ వేరు, కూర్చునే మనుషులు వేరు. మనిషికి మళ్లీ చేతులు వేరు. అన్నీ విడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. మక్కు అంటే చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన ముద్ద. అతకడానికీ అదే, పగుళ్లు పూడ్చడానికీ అదే, ముక్కు కాస్త చిన్నదైతే పెంచడానికీ అదే. ఆపైన ఆకురాయి, సున్నపు పూత, రంగు.

‘మరి ఇక్కడ ఏం చెడగొడతారు ఆంటీ?’ అని మా పిల్ల అడిగింది. రంగులేస్తున్న ఆవిడ కుంచె దించకుండానే చెప్పింది: ‘తొందరమ్మా. మక్కు పైకి ఆరినట్టే ఉంటది. లోపల తడే. రంగేసేస్తారు. నెల తిరక్కుండా పెచ్చు లేస్తది.’ పక్కన ఉలి పట్టిన పెద్దాయన ఇంకోటి కలిపాడు. నార పోయే దిక్కుకి ఎదురు కోయకూడదు, ఉలి మొన ఎప్పుడూ పట్టుకున్న చేతి వైపు రాకూడదు. ఈ రెండోది ఏ పుస్తకంలోనైనా మొదటి పేజీలో ఉండాలి. ఆయన ఎడమచేతి బొటనవేలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

నిండు మనిషిని ఒక్క ముక్కలో చెక్కాలనుకుని బెదిరిపోయే పిల్లలకి కొండపల్లి పద్ధతి మంచి మందు. బంకమట్టితో చేసేవాళ్లకీ ఇది పనికొస్తుంది. ఒడలు, తల, చేతులు విడిగా చేసుకుని అతికితే నిష్పత్తి దిద్దుకునే వీలు చివరిదాకా ఉంటుంది.

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రకళా మందిరానికి వెళ్లాం. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈయన చేతిని గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ దారి చూపించాడు. జనం పెద్ద రంగుల బొమ్మల ముందు ఆగుతారు. మాతో వచ్చిన డ్రాయింగ్ మాస్టారు, రిటైరైన మనిషి, మా పిల్లని నీటిరంగుల బొమ్మలకి దగ్గరగా నిలబెట్టి, ‘ఇందులో తెల్లరంగు ఎక్కడుందో చూపించమ్మా’ అన్నారు. వెతికింది. మెరిసే చోటల్లా కాగితమే.

నీటిరంగుకి మొదటి పాఠం అదే. తెలుపు కాగితంలోనే ఉంది కాబట్టి దాన్ని ఎక్కడ వదలాలో రంగు ముట్టుకోకముందే తేల్చుకోవాలి. లేత నుంచి ముదురుకి వెళ్లొచ్చు గానీ ముదురు నుంచి వెనక్కి రావడం కష్టం. మాస్టారు ఖర్చు గురించి కూడా మాట్లాడారు. పిల్లలు ఇరవై నాలుగు రంగుల పెట్టె కొని, లెక్కల నోట్‌బుక్కు కాగితం మీద వేస్తారు. కాగితం ఉబ్బి వంకర పోతుంది, నీళ్లు గుంటల్లో నిలుస్తాయి, తప్పంతా తమదేనని మానేస్తారు. దాని బదులు ఒక ఎరుపు, ఒక పసుపు, ఒక నీలం కొని, మిగతా డబ్బు 300 జీఎస్‌ఎం కాగితం మీద పెట్టమన్నారు. ఒక పొర పూర్తిగా ఆరిందో లేదో చేతివేళ్ల వెనకభాగంతో తాకి చూడమన్నారు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఆక్రిలిక్ గురించి ఒక్క నిమిషంలో తేల్చేశారు. ఆరాక దానిమీద ఏదైనా కప్పొచ్చు, కొత్తవాళ్లకి దయగల రంగు. కాకపోతే నిమిషాల్లో గట్టిపడుతుంది, కుంచెని నీళ్లలో పెట్టడం మరిచారా, చెత్తబుట్టకే. తైలవర్ణం రోజుల తరబడి తడిగా ఉండి దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. దానికి అడుగు పొరలు పల్చగా, నూనె తక్కువగా ఉండాలి. పైకి పోయేకొద్దీ నూనె పెరగాలి. తిరగేస్తే కొన్నాళ్లకి బొమ్మ పగుళ్లిస్తుంది.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రని లేతుకి బిగించి తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో ఒత్తితే నిగనిగలాడుతుంది. కుంచె అన్నదే లేదు. ఒకప్పుడు రసాయన రంగులు ఈ ఊళ్లోకి బాగా వచ్చేశాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకి అవి పనికిరావని పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి వాటికి పనివాళ్లని మళ్లించడంలో సి.వి. రాజు కృషి పెద్దది. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు.

ఇక్కడ తప్పు జరిగితే? లేతు మీదున్న కుర్రాడు, మా పిల్ల ఈడువాడే, రంగు మచ్చలుగా పడిన బరిణెకి ఉలి ఆనించి ఆ పొరంతా లేపేశాడు. మళ్లీ లక్క పెట్టాడు. అంత సులువు. అయితే ప్రతి దిద్దుబాటుకీ కర్ర కాస్త తరుగుతుంది, తరిగిన బరిణెకి పాత మూత వదులైపోతుంది. ‘మూత కూకుంటే పని వచ్చినట్టండి’ అన్నాడు. నేర్చుకునేటప్పుడు రకరకాల బొమ్మలు చేయనివ్వరట. ఒకే బరిణె, ఒకే మూత, పొద్దస్తమానం. చూసేవాళ్లకి విసుగు పుట్టే ఆ పనిని నేను మా పిల్లకి ప్రత్యేకంగా చూపించాను. వారానికో కొత్త మాధ్యమం మార్చే అలవాటుకి అంతకన్నా నిక్కచ్చి జవాబు నాకు ఏ ఊళ్లోనూ దొరకలేదు.

తిరుగు రైల్లో ఆమే లెక్క తేల్చుకుంది. గీత మీద నమ్మకం లేని తనకి కలంకారీ ఇప్పుడే కుదరదు. ఓపిక ఉంది గానీ దిద్దుకునే వీలు కావాలి. పెన్సిలు, బొగ్గు ఉంచుకుంది. ఆక్రిలిక్‌లో నాలుగు రంగులు ఉంచుకుని మిగతావి పక్కింటి పిల్లలకిచ్చింది. వాటర్‌కలర్ బిళ్లలు అటకెక్కాయి. నా అభిప్రాయం కూడా ఇదే: ఏ రంగు అందంగా ఉందన్నది తర్వాతి మాట. మీ తప్పుని ఏ పదార్థం ఎంతవరకు భరిస్తుందో, ఆరడానికి ఎంతసేపు అడుగుతుందో కనుక్కుని ఎంచుకోవాలి. చేయి కుదిరాక భరించనిదాని దగ్గరికి వెళ్లొచ్చు.

ఈ ఊళ్లకి వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. కాళహస్తికి వానరోజుల్లో వెళ్లకండి. గుడ్డ ఎండందే పని సాగదు, మీకు చూడటానికీ ఏమీ ఉండదు. ఫొటో తీసేముందు అడగండి, కొత్త డిజైన్ బయటికి పోతే నష్టపోయేది వాళ్లే. కూర్చుని నేర్చుకోవాలనుకుంటే ముందే ఫోన్ చేసి, ఆ పూట వాళ్ల పని ఎంత పోతుందో అడిగి, ఆ కూలి ముందుగా చేతిలో పెట్టండి.