ముందు వెళ్ళే జహాజ్

ఫజర్ నమాజ్ చదివి మసీదు మెట్లు దిగుతుంటే పన్వేల్ నుంచి ఫోన్. ఖాలా కొడుకు. "భాయ్, అమ్మీ గుజర్ గయీ" అన్నాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజా నమాజ్ జొహర్ తర్వాతనట.

నాచారంలో ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను. ఏడవలేదు. "మేరే వాస్తే మయ్యత్ కో నక్కో రోకో బోలో" అంది. తన కోసం తద్‌ఫీన్ ఆలస్యం చేయొద్దని. కాసేపాగి, "లేకిన్ ఆపా కా మూం దేఖ్‌నా థా" అంది. ఈ రెండు మాటల మధ్య నేను టికెట్ వెతకాలి.

అప్పటికి ఆరున్నర. 8:20కి ఒక ఫ్లైట్ ఉంది కానీ మనకు కాదు. చెకిన్ గంట ముందే మూసేస్తారు. నాచారం నుంచి హబ్సిగూడ, ఉప్పల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ దాటి శంషాబాద్ చేరాలంటే పొద్దున పూట కూడా గంటకు తక్కువ పట్టదు. బేగంపేట అయితే తార్నాక మీదుగా అరగంట. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలైంది, బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. చుట్టుపక్కల 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ ఉండకూడదని కంపెనీతో ఒప్పందం. నాగోల్ నుంచి శంషాబాద్ దాకా మెట్రో వేస్తామన్న మాట ఇంకా కాగితాల మీదే ఉంది. తూర్పు వైపు వాళ్ళం ఈ సంగతి పెళ్ళిళ్ళప్పుడు గొణుక్కుని ఊరుకుంటాం. మౌత్ ఖబర్ వచ్చిన రోజు తెలుస్తుంది గంట అంటే ఏమిటో.

ఇక్కడ ఇఖ్తియార్ లేదు కానీ అక్కడ ఉంది. ముంబయికి ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులు. నవీ ముంబయిలో కొత్తది 2025 డిసెంబర్ 25 నుంచి నడుస్తోంది. పాతదానికి 9:40కి జహాజ్, కొత్తదానికి 10:50కి. ఎవరికైనా చెయ్యి 9:40 మీదికే పోతుంది. నాదీ పోయింది. కానీ పాత ఎయిర్‌పోర్ట్ నుంచి పన్వేల్ వెళ్ళాలంటే సగం ముంబయి దాటాలి, వాషీ బ్రిడ్జి దాటాలి. ఖాలా ఇంటికి ఎన్నోసార్లు అలా వెళ్ళాను. ఒక్కోసారి రెండు గంటలు. కొత్తదేమో పన్వేల్ పక్కనే. ఖాలా వాళ్ళది కుర్లానో బాంద్రానో అయ్యుంటే ఆలోచనే అక్కర్లేదు, పాతదే. బిస్మిల్లా అని 10:50 బుక్ చేశాను.

శంషాబాద్‌లో మామూ కనిపించారు. టోలీచౌకీ నుంచి ఒక్కరే వచ్చారు, చేతిలో 9:40 బోర్డింగ్ పాస్. నా టికెట్ చూసి అందరి ముందే తిట్టారు. "ముందు పోయేది వదిలేసి వెనక పోయేది ఎక్కుతావా? పేపర్‌లో రాస్తావ్, ఇంత హిసాబ్ తెలీదా?" నేను వాషీ బ్రిడ్జి సంగతి చెప్పబోయాను. అప్పటికే ఆయన గేటు వైపు నడుస్తున్నారు. అమ్మీ ఆయన వీపు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. ఆ జహాజ్ లేచిపోయాక గంటపాటు కుర్చీలో తస్బీహ్ తిప్పుతూనే ఉంది. నాతో ఒక్క మాట లేదు. అల్లా, ఈ హిసాబ్ తప్పితే నేను ఈమెకు జీవితాంతం జవాబు చెప్పాలి అనుకున్నాను.

12:15కి దిగాం. బ్యాగుల్లేవు. ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు ఖాలా ఇంటి సందులో ఉన్నాం. గుసుల్, కఫన్ అయిపోయాయి. డోలా గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఆడవాళ్ళు పక్కకు జరిగి అమ్మీకి దారిచ్చారు. ముఖం మీది గుడ్డ తీశారు. రెండు నిమిషాలో మూడో. ఆ తర్వాత మగవాళ్ళం భుజాలిచ్చాం.

మామూ ఫోన్ ఎత్తినప్పుడు వాషీ బ్రిడ్జి మీద ఉన్నారు. ట్రాఫిక్‌లో ఆగిపోయారు. "రుకో నక్కో" అన్నారు, అమ్మీ లాగే. నేరుగా ఖబ్రస్తాన్‌కు వచ్చారు. అప్పటికి పటావ్ కూడా పెట్టేశారు. మూడు పిడికిళ్ళ మట్టి వేశారు.

సాయంత్రం చాయ్ ఇస్తే తాగలేదు. నన్ను ఏమీ అనలేదు, నేనూ అనలేదు. పొద్దున గేటు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపి ఉండాల్సింది. తిట్లు తిని మొహం చిన్నబుచ్చుకుని ఊరుకున్నాను. ఆయన వెళ్ళి అమ్మీ పక్కన నేల మీద కూర్చున్నారు. చాలాసేపటికి మెల్లగా అడిగారు:

"ఛోటీ ఆపా, బడీ ఆపా కైసే దిఖ్‌రే థే?"

అమ్మీ ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది.