చూడని సీరియల్ మీద బెంగ

మీరెప్పుడైనా, ఒక్కసారి కూడా చూడని సీరియల్ కోసం బెంగపడ్డారా? నేను పడ్డాను. అందులో హీరో ఓ కుక్క. అది పెరిగింది కెనడా టెలివిజన్‌లో. నాకు పరిచయమైంది మాత్రం నెల్లూరు జిల్లా ఉదయగిరిలో, మా మిద్దె మీద, కరెంటు పోయిన రాత్రుల్లో!

మా మేనత్తను ఆత్మకూరు వాళ్ళకిచ్చారు. మామయ్య వుద్యోగం కోసం సంసారాన్ని టొరంటో తీసుకుపోయాడు. రెండేళ్ళకోసారి వచ్చేవాళ్ళు. వాళ్ళ సెలవులేమో జులై, ఆగస్టుల్లో. అప్పుడు మాకు బడి. అందుకని బావ కబుర్లన్నీ రాత్రిపూటే. 1998లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, బావ మొదటిసారి ఆ కుక్క కథ ఎత్తుకున్నాడు.

సీరియల్ పేరు 'ది లిటిలెస్ట్ హోబో'. ఓ జర్మన్ షెపర్డ్ కుక్క వూరూరా తిరుగుతుంటుంది. ప్రతి వారం కొత్త వూరు, కొత్త మనుషులు, వాళ్ళకో కష్టం. కుక్క ఆ కష్టం తీరుస్తుంది. వాళ్ళేమో "మాతోనే వుండిపో" అని బతిమాలతారు. అది వెనక్కి తిరిగి ఓసారి చూసి, తన దారిన తాను పోతుంది. అంతే కథ!

బావకు తెలుగు అంతంతమాత్రం. అతనికి రాని మాటలు మేం అందించేవాళ్ళం. అందిస్తూ అందిస్తూ చివరికి కథనే లాగేసుకున్నాం! కుక్కకు రాజుగాడని పేరు పెట్టాం. (అసలు సీరియల్లోనూ అంతే. ఎవరి దగ్గర చేరితే వాళ్ళు పెట్టిన పేరే దానికి.) మా రాజుగాడు ఉదయగిరి కొండ దిగి, ఆత్మకూరు బస్సు వెంట పరిగెత్తి, సోమశిల డ్యాం దగ్గర నీళ్ళలో పడ్డ పిల్లల్ని బయటికి లాగేవాడు. విలన్‌కు రావు గోపాలరావు గొంతు!

మా నాయనమ్మకు మాత్రం ఈ కథ గిట్టేది కాదు. "అన్నం పెట్టినోళ్ళని వొదిలిపెట్టి పోయేది కుక్కేందిరా? అట్టాంటి కుక్క యాడుంటది?" అని కసిరేది. ఆవిడ కోపం కుక్క మీద కాదని అప్పట్లో మాకు తెలీదు.

చాలా ఏళ్ళకు హైదరాబాదులో, కంప్యూటర్‌లో ఆ సీరియల్ చూశాను. 1958లో ముందు సినిమాగా వచ్చిందట. 1963 నుంచి 65 దాకా నలుపు తెలుపు సీరియల్. మా బావ చూసింది 1979 నుంచి 85 దాకా సీటీవీలో నడిచిన రంగుల సీరియల్, 114 భాగాలు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేశారు. ముఖ్య పాత్రధారి 'లండన్' అనే కుక్క. తర్వాత 'ష్రెక్'కు గొంతిచ్చిన మైక్ మైయర్స్ చిన్నప్పుడు ఓ భాగంలో నటించాడు. చూస్తున్నంతసేపూ నాకు సోమశిల డ్యాం లేని లోటే!

మన సినిమాల్లో కుక్కలు లేవా అంటే వున్నాయి. 1985లో వచ్చిన హిందీ 'తేరీ మెహర్బానియా'లో మోతీ, చనిపోయిన యజమాని జాకీ ష్రాఫ్ కోసం పగ తీర్చుకుంటుంది. 2022లో తెలుగులోనూ వచ్చిన '777 చార్లీ' చూసి హాలు హాలంతా ముక్కు చీదింది. కానీ వీటన్నిటికీ ఒకే యజమాని, ఒకే విశ్వాసం. ఈ సీరియల్‌లో మాత్రం యజమానే లేని కుక్క హీరో. అమెరికాలో పని వెతుక్కుంటూ గూడ్సు బళ్ళెక్కి వూళ్ళు తిరిగే కూలీని 'హోబో' అంటారు. సోమరిపోతు కాదు సుమండీ, పని కోసం తిరిగే మనిషి. ఆ మాటకొస్తే మా మెట్ట ప్రాంతంలో వాన మొహం చాటేసిన ఏడాది వీధికి ఇద్దరు ముగ్గురు హోబోలు తయారయ్యేవాళ్ళు. మూటా ముల్లే సర్దుకుని, తాళం చెవి పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి బస్సెక్కేవాళ్ళు. వాళ్ళకు ఇల్లంటే ప్రేమ లేకనా?

2004లో అత్తావాళ్ళు వచ్చి వెళ్ళిపోతుంటే నాయనమ్మ ఎప్పుడూ లేంది బస్టాండుకు వచ్చింది. బస్సు కదిలింది. మలుపు దాకా కళ్ళార్పకుండా చూసింది. "చూసిందిరా, మీ అత్త కిటికీలోంచి ఎనక్కి తిరిగి చూసింది" అంది నాతో. ఇంటికొచ్చేదాకా ఆ ఒక్క మాటే నాలుగుసార్లు అంది. ఆ రాత్రి "మీ రాజుగాడు ఇప్పుడు ఏ వూళ్ళో ఉండాడ్రా?" అని తనే అడిగి కథ చెప్పించుకుంది. మరుసటేడు ఆవిడ పోయింది. అత్త వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అత్త ఆ అరుగు మీదే కూర్చుని ఏడుస్తుంటే, ఈ బస్టాండు ముచ్చట చెప్పాను. ఏడుపు ఆపి, "చూశానని గమనించిందా అమ్మ?" అనడిగింది.

బావ ఇప్పటికీ టొరంటోలోనే వున్నాడు. వాళ్ళమ్మాయికి ఏడేళ్ళు. పడుకోబోయే ముందు కుక్క కథ చెప్పందే వూరుకోదట. అసలు సీరియల్ పెడితే మొహం తిప్పేస్తుందట! దానికి కావలసింది రాజుగాడు. మొన్న ఫోన్లో, "సోమశిల డ్యాం నిజంగా వుందా మామా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది.

వుందన్నాను. జులైలో రమ్మన్నాను.