జైలు పోయి జరిమానా మిగిలింది

నా ఉద్యోగ కాలంలో పరిశ్రమల చుట్టుపక్కల ఊళ్ల నుండి ఆయాసంతో వచ్చినవారికి మందులు వ్రాసి ఇచ్చేవాణ్ణి. వారు తిరిగి ఆ గాలిలోకే వెళ్లేవారు. ఆ గాలిని బాగుచేయవలసినది చట్టం.

1984 భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఉల్లంఘనకు 5 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉండేది. 2023 నాటి జన విశ్వాస్ చట్టం దానిని తొలగించి, రూ.10,000 నుండి రూ.15 లక్షల వరకు జరిమానా నిర్ణయించింది. అది చెల్లించకపోతేనే జైలు.

ఏళ్ల తరబడి సాగే కేసుల కన్నా సత్వర జరిమానా మేలనే వాదనలో కొంత నిజముంది. కానీ భారీ పరిశ్రమకు ఆ మొత్తం ఒక ఖర్చు పద్దు మాత్రమే. చెడిన ఊపిరితిత్తులను ఏ జరిమానా బాగుచేయదు.

మీ ప్రాంతంలో పరిశ్రమపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే తప్పక వెళ్లండి. గాలి, నీటి గురించి ముందే ప్రశ్నించండి.