పిల్లి పక్కలో బియ్యపు గింజలు

పోయిన ఎండాకాలం సెలవులకు నా కూతురు బాగేపల్లి నుంచి పిల్లోణ్ణి తెచ్చి చింతామణిలో నా దగ్గర విడిచిపోయింది. వానికి మూడేండ్లు. ఒకరోజు పొద్దున్నే వాడు వచ్చి, "అవ్వా, పిల్లి బియ్యం పెట్టింది, సూడు" అన్నాడు. పోయి చూస్తే పిల్లి పండుకునే గోనెపట్ట మీద నిజంగానే నాలుగైదు తెల్ల గింజలు ఉన్నాయి. ఒక గింజ నేను చూస్తా ఉండంగానే మెల్లగా ముడుచుకొని మళ్ళీ సాగింది. బియ్యం కదలదు కదా. నా ఒళ్ళు జలదరించింది.

ఈ సంగతి మన పత్రికలో రాయాలని ఎందుకు అనుకున్నానంటే, మన లైన్లలో పిల్లి లేని ఇల్లు తక్కువ. నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదు. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, తప్పులుంటే సరిదిద్దుకొని చదవండి.

ముప్పై ఏండ్లకు పైన పట్టు మిల్లులో గూళ్ళు ఉడికించి దారం తీసినాను. గూళ్ళ రూములో ఎలుకలు పడకుండా మేమే పిల్లులను సాకినాము. మిల్లు మూసినప్పుడు మనుషులంతా ఇండ్లకు పోయినారు, పిల్లులు ఎక్కడికి పోతాయి? మూసిన గేటు ముందర కూచొని అరుస్తా ఉండేవి. చూడలేక మా లైను ఆడోళ్ళం ముగ్గురం కలిసి మా ఇంటి వెనక రేకుల షెడ్డులో వాటికి జాగా చేసినాము. హైదరాబాదులో సినిమాల అమల గారు 1992లో బ్లూ క్రాస్ పెట్టినారని మీరు వినే ఉంటారు. మాది అంత గొప్పది కాదు. ఒక షెడ్డు, పాత గోనెపట్టలు, పదకొండు పిల్లులు, అంతే.

బియ్యం గింజలు చూసినాక మందుల అంగట్లో అడిగి పురుగుల మాత్రలు తెచ్చి అన్నిటికీ మింగించినాము. గింజలు పోయినాయి. సరే, పీడ పోయింది అనుకున్నాము. నెల తిరగకముందే మళ్ళీ వచ్చినాయి. పిల్లులు ఒకటే గోక్కుంటా ఉన్నాయి. బొచ్చు విడదీసి చూస్తే నల్లగా సన్న పురుగులు, పట్టుకోబోతే ఎగిరి దూకుతాయి. కన్నడంలో చిగట అంటారే, అవి.

అప్పుడు నేను చేయకూడని పని చేసినాను. పక్కింట్లో ఆవులకు పిడుదులు పోయేదానికి పూసే మందు ఉంటే, ఇంత నీళ్ళలో కలిపి ఒక పిల్లి కూనకు పూసినాను. ఆవుకు పనిచేసేది పిల్లికి పనిచేయదా అనుకున్నాను. రాత్రికి ఆ కూనకు నోట్లో సొంగ కారింది, కాళ్ళు కొట్టుకున్నాయి, ఒళ్ళంతా వణికింది. తెల్లవారక ముందే నా ఒళ్ళో చచ్చిపోయింది. ఆవుకు, కుక్కకు వాడే అట్లాంటి మందులు చాలా వరకు పిల్లికి విషమని, వాటిని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదని తరువాత తెలిసింది. తెలిసి ఏం లాభం? కూన రాదు కదా.

ఆ దుఃఖం పోకముందే బాగేపల్లి నుంచి ఫోను. పిల్లోని దొడ్డికిలో అవే తెల్ల గింజలు. "అమ్మా, ఆ పిల్లులు నీ ఇంట్లో ఉండేదాకా వాణ్ణి పంపను" అని నా కూతురు కోపంగా పెట్టేసింది. లైనులో కూడా మాట పుట్టింది. గోనెసంచిలో వేసి బాగేపల్లి దారిలో ఎక్కడో వదిలేయమని ఒకరు, ముందే చెప్తిమి కదా అని ఒకరు. నాక్కూడా ఒక రాత్రి అదే బుద్ధి పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పొద్దున్నే ఒక పిల్లిని బుట్టలో పెట్టుకొని పశువుల ఆస్పత్రికి పోయినాను. డాక్టరమ్మ నా మాట అంతా విని, నెమ్మదిగా చెప్పింది. అది బద్దెపురుగు. కన్నడంలో లాడిహుళ అంటారు, లంగా బొందు మాదిరి పిల్లి పేగులో పొడవుగా ఉంటుంది. దాని తోక తుంపులే మనకు కనపడే బియ్యం గింజలు. తుంపు ఎండి పగిలితే లోపలి గుడ్లు దుమ్ములో పడతాయి. ఆ దుమ్ములో చిగట పిల్లలు ఉంటాయి, గుడ్లను అవి తింటాయి. చిగట పెద్దదై పిల్లి మీదికి దూకి రక్తం తాగుతుంది. దురద పుట్టి పిల్లి నాకి, కొరికి, ఆ చిగటను మింగుతుంది. మూడు వారాలకు మళ్ళీ బియ్యం. పిల్లోడు కూడా ఎప్పుడో ఆడుకుంటా ఒక చిగటను మింగి ఉంటాడు. పిల్లిని ముట్టుకుంటే రాదు, ఆ గింజను తాకితే రాదు, చిగట కడుపులోకి పోతేనే వస్తుంది.

"మరి నేను మాత్ర ఇచ్చినాను కదమ్మా?" అంటే, "కడుపులోది చచ్చింది, నేల మీదిది ఉంది. చిగట పిల్లలు నేల సందుల్లో, గోనెపట్టల్లో పట్టుగూడు మాదిరి గూడు కట్టుకొని కూచుంటాయి. మందు కొట్టినా ఆ గూటి లోపలికి సరిగా పోదు. తినేదానికి ఎవరూ లేకుంటే నెలల తరబడి అట్లే కాచుకొని ఉంటాయి. మనిషి నడిచిన అదురు, ఒంటి వేడి తగలగానే బయటికి వస్తాయి. నువ్వు పిల్లులను పారేస్తే అవి మిమ్మల్నే కరుస్తాయి" అన్నది.

గూడు అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బ్రతుకంతా చేసిన పని అదే కదా. మన గూటిలోని పురుగును ఎట్లా ఆపుతాము? సంత నుంచి గూళ్ళు రాగానే ఆవిరి పెడతాము. ఆలస్యం చేస్తే పది పన్నెండు రోజులకు రెక్కల పురుగు గూడు చిల్లి చేసుకొని బయటికి వస్తుంది, దారం తెగిపోతుంది. గూటిని గెలిచేది మందు కాదు, వేడి. ఈ చిన్న గూటికీ అంతే. నా చేతులు మరిగే నీళ్ళలో కాలి కాలి గట్టిపడినవి, వేడికి నేను భయపడేదాన్ని కాదు.

మేము చేసింది ఇది. షెడ్డు నేల సందులన్నీ ఊడ్చి ఆ దుమ్మును కాల్చినాము, సందులకు సిమెంటు పూసినాము. గోనెపట్టలు తీసేసి, ఉతికేదానికి వీలైన పాత చీరలు పరిచినాము. వారానికి ఒకసారి వాటిని చేయి పెట్టలేనంత వేడినీళ్ళలో నానబెట్టి మండే ఎండలో ఆరవేసినాము. సన్న పండ్ల దువ్వెనతో పిల్లులను దువ్వి, దొరికిన చిగటలను సబ్బు నీళ్ళలో ముంచినాము. డాక్టరమ్మ పిల్లులకని వేరే ఇచ్చిన చుక్కల మందును, నాకలేని చోట, మెడ వెనక నెలకొకసారి వేసినాము. బద్దెపురుగు మాత్ర ఒక్కొక్కదాన్ని తూకం వేసి, అన్నిటికీ ఒకే రోజు ఇచ్చినాము. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికి వస్తుంది. కొత్త పిల్లి వస్తే ముందు వేరేగా గంప కింద పెట్టి, చూసి, మందు వేసినాకే కలుపుతాము. ఇట్లా మూడు నెలలు విడవకుండా చేసినాము.

పిల్లోణ్ణి బాగేపల్లిలో డాక్టరుకు చూపించినారు. అంగన్‌వాడీలో పిల్లలకు ఇచ్చే పురుగుల మాత్ర ఈ బద్దెపురుగుకు చాలదంట. ప్రాజిక్వాంటెల్ అనే వేరే మందు ఇచ్చినారు, వాడు బాగైనాడు. మీ పిల్లల దొడ్డికిలో ఇట్లా కనపడితే ఒక గింజను చిన్న సీసాలో వేసి తీసుకుపోయి చూపించండి. సొంత వైద్యం వద్దు. సొంత వైద్యం చేసి నేను ఒక కూనను చంపుకున్నాను.

పాతవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. 1980లో మన పక్కకు ఊజి ఈగ వచ్చింది, అప్పుడు మనది కోలారు జిల్లా. పట్టుపురుగు మీద గుడ్డు పెట్టి, లోపల తిని, గూడు చిల్లి చేసేది. ఆ ఈగ వచ్చిందని మనం పట్టుపురుగులను పెంచేది మానుకోలేదు. కిటికీలకు, వాకిళ్ళకు వల కట్టుకున్నాము. తప్పు పురుగుది కాదు, మధ్యలో వచ్చినదానిది అని మనకు అప్పుడే తెలుసు. పిల్లుల దగ్గరికి వచ్చేసరికి నేను ఎట్లా మరిచిపోయినానో.

దసరా సెలవులకు నా కూతురు వచ్చి షెడ్డు అంతా తిరిగి చూసింది. చీర ఎత్తి చూసింది, పిల్లుల బొచ్చు విడదీసి చూసింది. ఏమీ మాట్లాడలేదు. పోయేటప్పుడు పిల్లోని బట్టల సంచి నా చేతికి ఇచ్చి, "పది రోజులు ఉంచుకో అమ్మా. అన్నానికి ముందు చేతులు కడిగించు" అని బస్సెక్కింది.

ఇప్పుడు పది పిల్లులు ఉన్నాయి. పదకొండోది చింతచెట్టు కింద ఉంది.