బొటనవేలు దారి తప్పితే

డాక్టర్ ‘బనియన్’ అనగానే నవ్వొచ్చింది. మగవాళ్లు చొక్కా లోపల వేసుకునే బనీనుకూ నా కుడి పాదానికీ ఏమిటి సంబంధం? రాయ్‌పూర్‌లోని ఆ క్లినిక్‌లో ఎక్స్‌రే చూశాక నవ్వు ఆగిపోయింది.

బొటనవేలి మొదట్లో ఉబ్బినదాన్ని ఇన్నాళ్లూ ఆనెకాయ అనుకున్నా. నిజానికి అక్కడ కొత్తగా పెరిగిందంటూ ఏమీ లేదు. బొటనవేలి వెనకుండే పొడవాటి ఎముక రెండో పాదం వైపు జరుగుతుంది. వేలేమో పక్క వేలి మీదికి ఒరుగుతుంది. మధ్యలో కీలు బయటికి పొడుచుకొస్తుంది. అప్పుడు బొటనవేలు మోయాల్సిన బరువు పక్క వేళ్ల కింద పడుతుంది. అరికాలి ముందు భాగంలో నొప్పి అందుకే.

తప్పెవరిది? కొంత వంశానిది. మా అమ్మ పాదాలూ ఇంతే. కానీ ఆమె జీవితమంతా హవాయి చెప్పులతో నడిచింది. నేను పదేళ్లుగా కొనదేలిన బూట్లతో అసెంబ్లీ మెట్లెక్కాను. నొప్పి సంగతి చెబితే పర్యటనల నుంచి తప్పిస్తారేమోనని దాచాను కూడా.

1958లో హాంకాంగ్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో బూట్లు వేసుకునేవారిలో 33 శాతం మందికి ఈ వంకర కనిపించింది. ఉత్తికాళ్లతో తిరిగేవారిలో అది సుమారు 2 శాతమే.

అలాగని ఉత్తికాళ్లే మేలనలేం. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధాని మోడీ ఓ ఆదివాసీ మహిళకు చెప్పులు తొడిగిన దృశ్యం దేశమంతా చూసింది. తునికాకు సేకరించే కాళ్లకు ముళ్ల నుంచి రక్షణ కావాలి. చెప్పు చేయాల్సింది అదే. పాదాన్ని కాపాడాలి, దాని రూపు మార్చకూడదు.

ప్యాడ్లు నొప్పిని తగ్గిస్తాయే తప్ప ఎముకను వెనక్కి తేలేవు. ఆపరేషన్‌లో ఎముకను కోసి సరిచేస్తారు. పూర్తిగా కోలుకోవడానికి నెలలు పడుతుంది. నొప్పి భరించలేనంత అయితేనే ఆ దారి అన్నారు డాక్టర్.

ఇంటికొచ్చి కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, దానిపై నా బూటు పెట్టాను. గీత రెండు వైపులా బయటే ఉంది.

మర్నాడు షాపులో ఆడవాళ్ల వరసంతా వెతికినా ముందు భాగం వెడల్పుగా ఉన్న జత దొరకలేదు. చివరికి మగవాళ్ల వరసలో కొన్నాను. బనీనుతో చుట్టరికం అలా కుదిరింది.