నిద్రపుచ్చిన కూరపొడి

లంచ్ బాక్సు మూత తీయగానే ఆమెకి విషయం అర్థమైపోయింది. పొద్దున ఎంత పెట్టి పంపిందో అంతా అలాగే ఉంది. ఓ మూల మాత్రం చెంచాతో గీరిన గుర్తు.

"ఏం నాన్నా, తినలేదేం?"

"అది కర్రీ కాదమ్మా... సాంబారు."

రెండో తరగతి చదివే పిల్లాడు ఆ ఒక్క మాట అనేసి బొమ్మలు గీసుకోవడానికి వెళ్లిపోయాడు. కోపంగా అన్నా బాగుండేది అనిపించింది ఆమెకి.

తెనాలి నుంచి టోక్యో వెళ్లి రెండేళ్లయింది. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాపురం ఎడొగావా వార్డులోని నిషి-కసాయ్‌లో. మనదేశం నుంచి వెళ్లిన ఐటీ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. కందిపప్పు, ఇంగువ, చింతపండు... ఏం కావాలన్నా నాలుగడుగులు వేస్తే దొరుకుతాయి. వంటకి లోటు లేదు. తంటా అంతా బడి భోజనంతోనే.

జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో మధ్యాహ్న భోజనాన్ని 'క్యూషొకు' అంటారు. పిల్లలే తెల్లకోట్లు, టోపీలు వేసుకుని వంతులవారీగా వడ్డిస్తారు. అందరూ తరగతి గదిలోనే కూర్చుని ఒకే భోజనం తింటారు. ఈ కుటుంబం శాకాహారులు. బడివాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి పిల్లాడు ఇంటి నుంచే బాక్సు తీసుకెళతాడు. నెలకోసారి మెనూ కాగితం ఇంటికొస్తుంది. ఆమె దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, ఆ రోజు బడిలో ఏం పెడతారో చూసి, రూపంలోనైనా దానికి దగ్గరగా ఉండేది చేసి పంపుతుంది. అక్కడ చేప ముక్క అయితే ఇక్కడ వంకాయ ముక్క. అక్కడ మాంసం ఉండలైతే ఇక్కడ టోఫు ఉండలు. పిల్లాడు సర్దుకుపోయేవాడు, ఒక్క కర్రీ రోజు తప్ప. ఆ రోజు గదంతా ఒకటే వాసన. వీడి బాక్సుది మాత్రం ఇంకో వాసన.

'కర్రీ మనది కదా, మనకి రాకపోవడమేంటి?' అని మీకు అనిపించొచ్చు. ఆమెకీ అదే అనిపించింది. అసలు తప్పు అక్కడే జరిగింది.

జపాన్‌లో ఇంటింటా వండే కర్రీకి చాలామంది వాడేది చాక్లెట్ బిళ్లలా ఉండే 'రూ' దిమ్మ. నీళ్లలో కూరముక్కలు ఉడికించి ఆ దిమ్మ తుంచి వేస్తే పులుసు చిక్కబడిపోతుంది. సూపర్‌మార్కెట్‌లో వాటికి ఓ అల్మారా అంతా ఉంటుంది. కానీ వాటిలో చాలా రకాల్లో గొడ్డు కొవ్వో, పంది కొవ్వో ఉంటుంది. అది లేకపోతే చికెన్ సారం. పక్క ఫ్లాటు బామ్మగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో డబ్బా మీదా అక్షరాలు చదివి చెప్పింది. చివరికి తన వంటింట్లోంచి ఎర్ర రేకు డబ్బా ఒకటి తెచ్చిచ్చింది. అందులో ఉన్నది ఉత్త కూరపొడి. అన్నీ దినుసులే, మాంసం ఊసు లేదు.

ఆమె మూత తీసి వాసన చూసింది. పసుపు, ధనియాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, మిరపకాయ... పోపుల పెట్టె తెరిచినట్టే ఉంది. దుగ్గిరాల పసుపు యార్డుకి కూతవేటు దూరంలో పుట్టి, పసుపుపొడి డబ్బా కొనుక్కోవడమా? అత్తగారు కొట్టే సాంబారు పొడికి తెనాలిలో చుట్టుపక్కల నాలుగిళ్లలో పేరుంది. ఆ కొలతల్లో కందిపప్పు, ఇంగువ తీసేసి పసుపు పెంచితే సరిపోదూ? డబ్బా వెనక్కి ఇచ్చేసింది. ఆ పొడితో వండిందే నవంబరులో వెనక్కొచ్చిన బాక్సు.

నిజానికి ఈ 'కర్రీ' మన వాకిట్లోంచి బయల్దేరినా, జపాన్‌కి మన చేతుల మీదుగా వెళ్లలేదు. ఇంగ్లిషువాళ్లు మన దినుసులన్నీ కలిపి ఒక్క సీసాలో పోసి 'కర్రీ పౌడర్' అన్నారు. మైదా వేయించి చిక్కబరచడం వాళ్లు చేర్చిన పనే. మెయిజీ చక్రవర్తి కాలంలో పాశ్చాత్య వంటకాలతో పాటు అదీ ఓడెక్కి జపాన్ చేరింది. 1872లో అచ్చయిన రెండు జపాన్ వంట పుస్తకాల్లో కర్రీ తయారీ ఉంది. వాటిలో ఒకదాంట్లో అల్లం, వెల్లుల్లి, వెన్నతో పాటు ఏం వేయమన్నారో తెలుసా? ఎర్రకప్ప!

కప్ప పోయింది, కర్రీ మిగిలింది. దాన్ని ఊరూరా చేర్చడంలో నౌకాదళానిది పెద్ద చెయ్యి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే తిని అప్పట్లో నావికులు బెరిబెరితో కూలిపోయేవారు. 1883లో సుదూర శిక్షణ యాత్రకెళ్లిన ఓ యుద్ధనౌకలో 376 మందికి 169 మంది జబ్బుపడ్డారు. 25 మంది చనిపోయారు. తకాకి కనెహిరో అనే నౌకాదళ వైద్యుడు తిండి మారిస్తే జబ్బు తగ్గుతుందని పట్టుబట్టాడు. మాంసం, బార్లీ, రొట్టె... పాశ్చాత్యుల తిండి ఓడల్లోకి ఎక్కింది. 1908 నాటి నౌకాదళ వంట పుస్తకంలో కర్రీ అన్నం ఉంది. ఇప్పటికీ ఆ దేశ సముద్ర రక్షణ దళంలో శుక్రవారం వచ్చిందంటే కర్రీ వండాల్సిందే. ఇక సీసాలో పొడి మాత్రం చాలాకాలం ఇంగ్లండు నుంచే దిగేది. యమజకి మినెజిరో అనే వ్యాపారి 1923లో సొంతంగా కూరపొడి తయారుచేశాడు. బామ్మగారి వంటింట్లోని ఎర్ర డబ్బా ఆయన కంపెనీదే. అయినా జనానికి విదేశీ సీసా మీదే మోజు. 1931లో ఓ మోసం బయటపడింది. ఇంగ్లిషు కంపెనీ డబ్బాల్లో స్థానిక పొడి నింపి అమ్మేస్తున్నారు. తిన్నవాళ్లెవరూ తేడా కనిపెట్టలేదు! నకిలీగాళ్ల పుణ్యమా అని దేశవాళీ పొడికి గౌరవం వచ్చిందన్నమాట.

ఈ కథలో మనవాడు ఒకడున్నాడు. రాస్ బిహారీ బోస్. 1912లో ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు వేసిన కుట్రలో బ్రిటిష్‌వాళ్లు వెతుకుతుంటే, 1915లో జపాన్ పారిపోయాడు. టోక్యోలో నకమురయా అనే రొట్టెల దుకాణం నడిపే దంపతులు ఆయన్ని దాచిపెట్టారు. తర్వాత వాళ్ల అమ్మాయి తోషికోనే పెళ్లాడాడు. ఆవిడ 1925లో చనిపోయింది. మరో రెండేళ్లకి నకమురయాలో బోస్ చెప్పిన పద్ధతిలో 'అసలైన భారతీయ కర్రీ' పెట్టారు. ఇంగ్లిషువాళ్లు మైదా కలిపిన కర్రీ కర్రీయే కాదని ఆయన అభిప్రాయం. దుకాణం ఇప్పటికీ ఆ కర్రీ వడ్డిస్తోంది. కానీ ఇళ్లలోనూ బళ్లలోనూ గెలిచింది మాత్రం మైదా కర్రీయే. తెనాలి అమ్మాయి పంపిన బాక్సు వెనక్కొచ్చిందంటే వింతేముంది!

మర్నాడు ఆమె తన పొడి పట్టుకెళ్లి బామ్మగారికి చూపించింది. బామ్మగారు కాస్త నాలుక మీద వేసుకుని, "చాలా బాగుంది" అంది. జపాన్‌లో ఎవరైనా ముందు అలాగే అంటారు. తర్వాత మెల్లగా, "దీనికి మూలలున్నాయి" అంది. మూలలంటే? మెంతి విడిగా, జీలకర్ర విడిగా పొడుచుకొస్తున్నాయట. వాళ్ల కూరపొడిలో ఏ దినుసూ తన పేరు తాను చెప్పుకోకూడదు. మూలలు అరిగి గుండ్రంగా అవ్వాలి. అందుకు మూడు పనులు చెప్పింది. ఎండిన కమలా తొక్క కలపాలి. పొడి చేశాక అంతటినీ కలిపి మళ్లీ వేయించాలి. ఆ తర్వాత నిద్రపుచ్చాలి.

నిద్రపుచ్చడమా! ఆ రాత్రి ఫోన్‌లో చెబితే అత్తగారు నవ్వేశారు. "పొడి కొట్టిన రోజే వాసనమ్మాయ్. నిలవ ఉంటే ఏముంటుందీ, మట్టి!"

"ఇక్కడ అలా కాదంట అత్తయ్యా. మూత పెట్టి నెల్లాళ్లు చీకట్లో ఉంచాలంట."

"సర్లే, ఆ బామ్మ చెప్పినట్టే చెయ్యి. తినేది వాళ్ల మధ్య కూర్చునే కదా పిల్లాడు."

డిసెంబరు వచ్చింది. జపాన్‌లో చలికాలమంటే 'మికాన్' కాలం. మన కమలాపండు లాంటిదే, తొక్క ఇంకాస్త పల్చన. పళ్లు బాగా కడిగి, తిన్నాక తొక్కల లోపలి తెల్లపొర గీకేసి బాల్కనీలో ఆరబెట్టింది. అక్కడి చలికాలపు ఎండ పొడిగా ఉంటుంది. వారం పదిరోజుల్లో తొక్కలు విరిస్తే ఫెళ్లుమనేలా తయారయ్యాయి.

బడికి సెలవులిచ్చాక ఓ ఉదయం పని మొదలుపెట్టింది. ధనియాలు మూడు పెద్ద చెంచాలు, జీలకర్ర చెంచాడున్నర. సోంపు, మిరియాలు ఒక్కో చిన్న చెంచా. యాలకులు ఎనిమిది, లవంగాలు ఆరు, రెండంగుళాల దాల్చినచెక్క, అనాసపువ్వు సగం, బిర్యానీ ఆకు ఒకటి. ఎండుమిర్చి రెండే రెండు. గుంటూరు జిల్లా పిల్ల చెయ్యి అక్కడ ఆగడం ఎంత కష్టమో ఊహించుకోండి! మెంతులు చిన్న చెంచాడు. వాటిని విడిగా, అన్నిటికన్నా ఆఖర్న, రంగు మారీ మారకముందే దించేసింది. మెంతి మాడితే సీసా అంతా చేదే.

తెనాలి నుంచి తెచ్చుకున్న మిక్సీ అటక మీదే ఉంది. మన 230 వోల్టుల మిక్సీ అక్కడి 100 వోల్టుల కరెంటుకి మూలుగుతుందే తప్ప తిరగదు. కాఫీగింజలు పట్టే చిన్న గ్రైండర్‌లో విడతలుగా పట్టి, సన్నటి జల్లెడ పట్టింది. ఎండిన తొక్కల పొడి పెద్ద చెంచాడు, పసుపు రెండు పెద్ద చెంచాలు, అర చిన్న చెంచా శొంఠి, చిటికెడు జాజికాయ కలిపింది. అప్పుడు అసలు పని. మందపాటి బాణలిలో నూనె చుక్క లేకుండా, సన్న సెగ మీద ఆ పొడి మొత్తాన్నీ అట్లకాడ ఆపకుండా అయిదారు నిమిషాలు వేయించింది. పచ్చటి పసుపు రంగు పోయి ముదురు తేనెరంగుకి తిరిగింది. పచ్చి పసుపు వాసన పోయింది. పూర్తిగా చల్లారాక సీసాలో పోసి, మూత బిగించి, తేదీ రాసిన కాగితం అంటించి, బియ్యం డబ్బా వెనక చీకట్లో పెట్టేసింది.

జనవరి మెనూ కాగితం వచ్చింది. 22న కర్రీ. 1982లో జనవరి 22న దేశమంతా బడిపిల్లలకి కర్రీ పెట్టాలనుకున్నారు. ఆ రోజు అక్కడ కర్రీ దినంగా నిలిచిపోయింది. పిల్లాడు కాగితం చూశాడు. ఏమీ అనలేదు. ఆ రోజుకి పులిహోర చాలన్నాడు.

21న సాయంత్రం సీసా మూత తీసింది. నెల కిందట కొట్టిన పొడేనా ఇది? ముక్కు దగ్గర పెట్టుకుని జీలకర్ర కోసం వెతికింది. దొరకలేదు. ధనియాలూ అంతే. బామ్మగారి ఎర్ర డబ్బా వాసనే, కాకపోతే కమలా తొక్క ఘాటు ఓ పిసరు ఎక్కువ.

జపాన్‌వాళ్లు చారుకట్టుకి వాడే ఎండుచేప బదులు, కొంబు అనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు ముందురోజే నానేసి ఆ నీళ్లు తీసిపెట్టుకుంది. ఉల్లిపాయలు నలభై నిమిషాలు వేయించింది. నలభై గ్రాముల వెన్నలో నాలుగు పెద్ద చెంచాల మైదా పోసి, చాక్లెట్ రంగు వచ్చేదాకా కలుపుతూ నిలబడింది. దించి, సెగ లేకుండా చెంచాడున్నర పొడి కలిపింది. బంగాళాదుంప, క్యారెట్ ఉడికాక ఇదంతా చేర్చి, తురిమిన ఆపిల్, కాస్త సోయాసాస్ వేసింది. ఇలా కనబడకుండా రుచి పెంచేవాటిని అక్కడ 'దాగిన రుచి' అంటారు. కొందరు కాఫీపొడి, చాక్లెట్ కూడా వేస్తారు. రెండోరోజు కర్రీ ఇంకా రుచని జపాన్‌లో అందరూ అంటారు. అలాగని గిన్నె రాత్రంతా పొయ్యి మీద వదిలేయకూడదు. మరిగించినా చావని బ్యాక్టీరియా ఒకటి చిక్కటి పులుసుల్లో పెరుగుతుందని అక్కడి ఆరోగ్యశాఖ హెచ్చరిస్తూనే ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో పోసి త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టింది. పొద్దున బాగా మరిగించి, వేడి ఆరని డబ్బాలో పోసి మూత బిగించింది. పులిహోర చేయలేదని పిల్లాడికి చెప్పలేదు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి గడియారం చూస్తూనే ఉంది. మూడున్నరకి తలుపు చప్పుడు. పిల్లాడు బ్యాగు గోడకి తగిలించి, డబ్బా తెచ్చి సింకులో పెట్టాడు. ఆమె మూత తీసి చూసింది. అడుగున పచ్చటి మరక తప్ప ఏమీ లేదు.

"అమ్మా, ఈసారి క్యారెట్ పెద్దగా కొయ్యి. అందరివీ పెద్ద ముక్కలు."

"ఇంకేం అన్నారు నాన్నా?"

"ఎవరూ ఏం అనలేదు."

ఎవరూ ఏమీ అనకపోవడమంత మంచి కబురు ఆ ఇంటికి ఆ నెలలో ఇంకోటి రాలేదు. రాత్రి ఫోన్‌లో అత్తగారు అంతా విని, కాసేపు ఊరుకుని అన్నారు. "వచ్చేటప్పుడు ఆ పొడి ఓ పావుకిలో పట్టుకురామ్మాయ్. బంగాళాదుంప వేపుడులో చల్లి చూస్తాను."

సీసాలో మిగిలింది నాలుగు చెంచాలే. ఆమె మర్నాడు మళ్లీ మికాన్ పళ్లు కొనుక్కొచ్చి, తొక్కలు బాల్కనీలో ఆరబెట్టింది.